రిఫరెన్స్ కుర్చీలో ఒక మనిషిని కూర్చోబెట్టండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

కొన్నేళ్ల కిందట ఒక జిల్లా స్థాయి గ్రంథాలయంలో, మధ్యాహ్నం పూట, ఒక మూల కూర్చుని ఉన్నాను. అక్కడికి వచ్చేవాళ్లు ఏం అడుగుతున్నారు, వాళ్లకు ఏం జవాబు దొరుకుతోంది, ఇవన్నీ నోటుబుక్కులో రాసుకోవడమే నా పని. నలభై దాటిన ఒకావిడ లోపలికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాని నిండా కాగితాలు. కౌంటరు ముందు చాలాసేపు నిలబడింది. అక్కడున్న ఉద్యోగి రిజిస్టరులోంచి తలెత్తాక, "చట్టాల పుస్తకాలు ఉంటాయా అండీ?" అని అడిగింది. "ఆ చివర బీరువా. చూసుకో" అన్నాడాయన. ఆవిడ వెళ్లి అద్దంలోంచి చూసింది. బీరువాకి తాళం వేసి ఉంది. తీయమని అడగలేదు. వచ్చిన దారినే వెళ్లిపోయింది.

నేను వెనకాలే వెళ్లి మెట్ల దగ్గర మాట కలిపాను. భర్త పోయి ఏడాదైందట. ఎకరంన్నర పొలం ఇంకా ఆయన పేరు మీదే ఉంది. మరిది సంతకం పెట్టనంటున్నాడు. ఆవిడకు కావలసింది పుస్తకం కాదు. ముందు ఏ ఆఫీసుకు వెళ్లాలి, ఏ కాగితం తీసుకోవాలి, మరిది కాదంటే ఎవరిని అడగాలి, ఇదీ ఆవిడ బాధ. లైబ్రరీకి వచ్చి పొలం గొడవ చెప్తే ఏం బాగుంటుందని, పుస్తకాలు ఉన్నాయా అని మర్యాదగా అడిగింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అని ఒకటి ఉందనీ, ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా లాయరును పెడతారనీ నేను చెప్పాను. ఆవిడ ఆ సంస్థ పేరు నాచేతే కవరు మీద రాయించుకుంది. నిజానికి ఆ మాట నేను మెట్ల మీద చెప్పాల్సింది కాదు. లోపల కౌంటరు దగ్గరే ఆవిడకు తెలియాల్సింది.

మంత్రి గారూ, నా ఉద్యోగ జీవితమంతా ఆ కౌంటరు దగ్గర జరిగే రెండు నిమిషాల మాటల మీదే గడిచింది. గ్రంథాలయ శాస్త్రం బోధించాను, రిఫరెన్స్ సేవ మీద, అంటే పాఠకుడికి కావలసింది అడిగి తెలుసుకుని వెతికిపెట్టే పని మీద పరిశోధన చేశాను, ఇప్పుడు రిటైరయ్యాను. పీహెచ్‌డీకి ఈ అంశం ఎంచుకున్నప్పుడు పెద్దలు కొందరు "ఇది లైబ్రరీ సైన్సా, సైకాలజీనా?" అని అడిగారు. కేటలాగు మీదో, పుస్తకాల వర్గీకరణ మీదో చేయమన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ ఆ ప్రశ్న వెనకున్న ఆలోచనే మన గ్రంథాలయాలను ఇవాళ్టి స్థితికి తెచ్చిందని నమ్ముతున్నాను. పుస్తకాన్ని సర్దడం శాస్త్రమట, మనిషితో మాట్లాడటం మాత్రం ఎవరికైనా వచ్చేదట.

వచ్చేదైతే ఆవిడ ఉత్త చేతులతో వెళ్లేది కాదు.

పాఠకుడికి స్వయంగా సాయపడాలన్న మాట కొత్తదేం కాదు. అమెరికాలోని వూస్టర్ పట్టణ లైబ్రేరియన్ శామ్యూల్ గ్రీన్ 1876లోనే, పాఠకులతో కలిసిమెలిసి ఉండి వాళ్ల ప్రశ్నలకు దారి చూపాలని రాశారు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన రంగనాథన్ గారు 1931లో ఆ శాస్త్రపు ఐదు సూత్రాలు ప్రచురించినప్పుడు, పాఠకుడి సమయం ఆదా చేయమన్నది అందులో ఒకటి. అయితే పాఠకుడు అడిగింది వేరు, అతనికి కావలసింది వేరు ఎందుకవుతాయో తేటగా విడమరిచి చెప్పింది 1968లో రాబర్ట్ టేలర్ అనే అమెరికా పరిశోధకుడు. అవసరం మనసులో పుట్టి మాటగా బయటపడేలోగా నాలుగు దశలు దాటుతుందన్నాడాయన. మొదట పేరు పెట్టలేని ఒక వెలితి. తర్వాత తనలో తాను గజిబిజిగా అనుకునే మాట. ఆపైన కాస్త తీరుగా పేర్చుకున్న ప్రశ్న. ఆఖరున, లైబ్రరీలో ఏం దొరుకుతుందో ఊహించుకుని దానికి తగ్గట్టు కుదించుకున్న ప్రశ్న. మన చెవిన పడేది ఆ ఆఖరిదే. "చట్టాల పుస్తకాలు ఉంటాయా?" అన్నది ఆ ఆఖరి దశ మాట. అక్కడి నుంచి వెనక్కి నడిచి మొదటి వెలితి దగ్గరికి చేరడాన్నే మా శాస్త్రంలో రిఫరెన్స్ ఇంటర్వ్యూ అంటారు. "ఏ విషయం మీద చూస్తున్నారమ్మా? అసలేం జరిగింది?" ఈ రెండు ప్రశ్నలు చాలు చాలాసార్లు. కానీ అవి అడగడం నేర్పాలి, నేర్చుకోవాలి.

1986లో హెర్నన్, మెక్‌క్లూర్ అనే ఇద్దరు పరిశోధకులు, పరీక్ష అని చెప్పకుండా మామూలు పాఠకుల్లా మనుషులను పంపి అమెరికా లైబ్రరీల్లో ప్రశ్నలు అడిగించారు. సరైన జవాబు వచ్చింది దాదాపు 55 శాతం ప్రశ్నలకే. పెద్ద చర్చ జరిగింది. తర్వాత జోన్ డ్యూరన్స్ అనే పరిశోధకురాలు ఇంకో కొలమానం ముందుకు తెచ్చారు: జవాబు సంగతి సరే, ఆ మనిషి దగ్గరికి మీరు మళ్లీ వెళ్తారా? నన్ను అడిగితే మన జిల్లా గ్రంథాలయాలన్నిటికీ ఈ ఒక్క ప్రశ్నా వేయాలి.

ఇక్కడ రట్గర్స్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు మేరీ రాడ్‌ఫోర్డ్ గురించి చెప్పాలి. లైబ్రేరియన్‌కీ పాఠకుడికీ మధ్య జరిగే సంభాషణనే ఆవిడ ఏళ్ల తరబడి పరిశోధించారు. ప్రతి మాటలోనూ విషయం ఒకటి, సంబంధం ఒకటి ఉంటాయన్న కమ్యూనికేషన్ సిద్ధాంతాన్ని ఆధారంగా తీసుకుని ఇద్దరినీ విడివిడిగా అడిగారు. లైబ్రేరియన్లు ఎక్కువగా సమాచారం ఇచ్చామా లేదా అని చూసుకున్నారు. పాఠకులు తమను ఎలా చూశారు, ఎలా పలకరించారు అన్నది గుర్తుపెట్టుకున్నారు. 1998లో ఆవిడ ఇంకో సంగతి రాశారు. నోరు విప్పకముందే పాఠకుడు, ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎవరి దగ్గరికి వెళ్లకూడదు అన్నది వాళ్ల చూపును బట్టీ, కూర్చున్న తీరును బట్టీ తేల్చుకుంటాడట. రిజిస్టరులోంచి తల ఎత్తకపోవడం కూడా ఒక జవాబే.

ఇది చదివినప్పుడు నాకు మన భాష గుర్తొచ్చింది. ఇంగ్లీషులో లేని చిక్కు మనకుంది. "చూసుకో" అనాలా, "చూసుకోండి" అనాలా, "చూసుకోమ్మా" అనాలా, నోరు తెరిచిన ప్రతిసారీ తేల్చుకోవాలి. ఆ చివరి అక్షరాల్లోనే ఎదుటి మనిషి స్థాయి తేలిపోతుంది. నా నోటుబుక్కుల్లో ఎన్నోసార్లు కనిపించింది ఇది: ఇస్త్రీ చొక్కా వేసుకున్నాయన వస్తే "రండి సార్", చేతిలో సంచితో వచ్చినవాడికి "ఏంటి?" ఒక కుర్రాడు గ్రూప్-2 పుస్తకాలు అడిగాడు. చూపించారు. అన్నీ ఇంగ్లీషువే. అతను చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయాడు. తెలుగు మీడియంలో చదివానని చెప్పడానికి సిగ్గుపడ్డాడని ఆ తర్వాత బయట టీ కొట్టు దగ్గర తెలిసింది. తెలుగు అకాడమీ పుస్తకాలు ఆ పక్క గదిలోనే ఉన్నాయి! "తెలుగులో కావాలా బాబూ, ఇంగ్లీషులోనా?" అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు ఫోనులో అన్నీ దొరుకుతున్నాయి కదా, ఇంకా ఈ కుర్చీ ఎందుకని మీ అధికారులు అనవచ్చు. ఫోను మనం టైపు చేసిన ప్రశ్నకు జవాబిస్తుంది. ఆవిడ "చట్టాల పుస్తకాలు" అని టైపు చేసి ఉంటే పుస్తకాల అంగళ్లు చూపించేది. పైగా సర్కారు సేవలన్నీ ఆన్‌లైన్ అయ్యాక, ఏ వెబ్‌సైటు నిజమైనది, ఏది డబ్బులు లాగేది అని తెలియక టెన్షన్ పడేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లు లైబ్రరీకే రావాలి. వస్తే పలకరించే మనిషి ఉండాలి.

మనకు ఇది చేయగల చరిత్ర ఉంది. అయ్యంకి వెంకట రమణయ్య గారి తరం గ్రంథాలయాన్ని ఉద్యమంగా నడిపింది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. అదే ఏడాది ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా పెట్టింది. 1960 గ్రంథాలయ చట్టం వల్ల ఊళ్లోవాళ్లు ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నారు. ఆ సెస్సు స్థానిక సంస్థల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఎంత ఆలస్యంగా చేరుతోందో మీ శాఖకు నాకంటే బాగా తెలుసు. నేను తిరిగిన చోట్ల ఒక్క లైబ్రేరియనే రెండు మూడు శాఖా గ్రంథాలయాలకు ఇన్‌ఛార్జిగా ఉండటం చూశాను. ఆ మనిషిని తల ఎత్తి నవ్వమనడం అన్యాయం. అందుకే నేను తప్పుపట్టేది ఆ ఉద్యోగులను కాదు.

నేను కోరేది పెద్ద భవనం కాదు, కొత్త కంప్యూటర్లూ కాదు. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో "రిఫరెన్స్" అని బోర్డు పెట్టిన ఒక కుర్చీ, గ్రంథాలయ శాస్త్రం చదివిన ఒక మనిషి, ఆ మనిషికి రిజిస్టర్ల పని అప్పగించబోమన్న ఒక జీవో. ఉన్న ఉద్యోగులకు ఏడాదికి కొన్ని రోజులు పాఠకుడితో మాట్లాడటంలో శిక్షణ, ఉత్త ఉపన్యాసాలు కాకుండా ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగించి, వినిపించి చేసే శిక్షణ. ఆ తరగతులు చెప్పడానికి నేను సిద్ధం. డబ్బు అక్కర్లేదు, బస్సు ఛార్జీలు నేనే పెట్టుకుంటాను.

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి. వ్యాసరచన పోటీలు ఉంటాయి, శాలువాలు కప్పుతారు. ఈసారి ఆ వారానికి ముందే, మీ పేషీలో పనిచేసే ఒకరిని మామూలు బట్టల్లో, ఎవరికీ చెప్పకుండా ఏదైనా ఒక జిల్లా గ్రంథాలయానికి పంపండి. భర్త పోయిన అక్క తరఫున వచ్చానని మనసులో పెట్టుకుని, పైకి మాత్రం "చట్టాల పుస్తకాలు ఉన్నాయా అండీ?" అని అడగమనండి. తిరిగొచ్చాక, మళ్లీ ఆ కౌంటరుకు వెళ్తావా అని మీరే స్వయంగా అడగండి.

ఇట్లు,
గ్రంథాలయ శాస్త్రం బోధించి రిటైరైన ఒక అధ్యాపకురాలు