కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, ఆదివారం పూట సొంత పనులు మానుకొని ఈ సర్వసభ్య సమావేశానికి వచ్చిన మీ అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో టికెట్టు కొననవసరం లేకుండా చూడదగిన వాటిని నగరవాసులకు, ముఖ్యంగా పిల్లలకు, దగ్గరుండి నడిపించి చూపించడమే మన సంఘం పని అని మీకు కొత్తగా చెప్పనక్కరలేదు గనుక, ఏడాదిలో జరిగిన వాటిని నేరుగా మీ ముందుంచుతున్నాను.

సంవత్సరం పొరపాటుతో మొదలైంది. ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున జరిగే చేపల వేలం చూపిస్తామని ప్రకటించి, తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటకు నిషేధం ఉంటుందన్న సంగతి మరచి, సరిగ్గా ఆ రోజుల్లోనే తేదీ వేశాం. తప్పు కార్యదర్శిదే. అయితే ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక తాత మన పిల్లలను కూర్చోబెట్టుకొని గంటసేపు ముడులు వేయడం నేర్పడంతో ఆ ఉదయం వృథా పోలేదు. జూన్ నెలాఖరులో మళ్ళీ వెళ్ళి వేలం కూడా చూశాం.

జూలైలో సింహాచలం గిరి ప్రదక్షిణ జరిగింది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు నడిచే భక్తుల కోసం హనుమంతవాక దగ్గర మజ్జిగ పంపిణీ పెట్టాం. వాట్సాప్ గ్రూపులో వస్తామని చెయ్యెత్తిన వారిలో మూడోవంతు మంది కూడా రాలేదని, వచ్చినవారిలో ఇద్దరు మజ్జిగ తాగి తామే ప్రదక్షిణకు బయలుదేరారని విచారంతో నమోదు చేస్తున్నాను. రాత్రి రెండింటి వరకు గిన్నెలు కడిగిన మహిళా సభ్యులకు సంఘం రుణపడి ఉంది.

సెప్టెంబరులో ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళాం. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన ఆ దిబ్బలు ఒకప్పటి తీరపు ఇసుకేనని, కాలక్రమంలో ఇనుము ఆక్సైడు వల్ల ఎర్రబారాయని చెప్పినప్పుడు పిల్లలకన్నా పెద్దలే ఎక్కువ ఆశ్చర్యపోయారు. అటునుంచి భీమిలి వెళ్ళి గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివారి సమాధులు చూశాం. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు అది. బస్సు చార్జీలు తప్ప ఎవరికీ ఖర్చు కాలేదు.

ఇక ఈ ఏడాది మనం తలెత్తుకొని చెప్పుకోదగిన కార్యక్రమం డిసెంబరులో జరిగిన వన్ టౌన్ నడక. పాత పోస్టాఫీసు దగ్గర పొద్దున్నే బయలుదేరి, కురుపాం మార్కెట్టు, విక్టోరియా రాణి విగ్రహం, పాత టౌన్ హాలు చూసుకొంటూ, హార్బరు ముఖద్వారం పక్కనున్న మూడు కొండలూ ఎక్కాం. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, మరొకదాని మీద మేరీమాత చర్చి ఉన్నాయి. మూడు చోట్లా మాకు అడగకుండానే మంచినీళ్ళిచ్చారు. చర్చి ఉన్న కొండను రాస్ హిల్ అనడానికి, 1864లో రాస్ అనే దొర అక్కడ ఇల్లు కట్టుకోవడమే కారణం. మేము పైన ఉండగానే, డాల్ఫిన్స్ నోస్ కొండ కింద నుంచి ఒక సరుకుల ఓడ, టగ్గు పడవల వెంట మెల్లగా లోపలికి వచ్చింది. పోర్టులో పనిచేసి రిటైరైన మన సభ్యులొకరు, 1933లో ఓడరేవు మొదలైన కాలంలో అలల తాకిడిని ఆపడానికి రెండు పాత ఓడలనే ముంచి అడ్డుకట్ట చేశారని చెప్పగా, ఓడలను కాపాడడానికి ఓడలను ముంచడమేమిటని ఒక పాప అడిగింది. ఆయన జవాబు అరగంట సాగింది, ఎవరూ కదల్లేదు. కట్టిన టిఫిను పొట్లాలకు రెట్టింపు మంది రావడంతో ఇడ్లీలు సగం చేసి పంచిన మాట నిజమే గానీ, పుట్టి పెరిగిన ఊరిలో ఈ కొండలు ఇన్నేళ్ళూ ఎక్కలేదని పెద్దవారు అనడం విన్నాక ఆ లోటు మాకు లోటనిపించలేదు. పులిహోర డబ్బాలతో ఆదుకొన్న కుటుంబాలకు, రెండో విడత టీకి డబ్బు తీసుకోని కొట్టు యజమానికి, మైకు ఇచ్చిన సభ్యునికి కృతజ్ఞతలు.

నౌకాదళ విన్యాసాలు ఈసారి 2025 జనవరి 4న ఆర్.కె. బీచ్‌లో జరిగాయి. రద్దీకి భయపడి మనవాళ్ళను ముందురోజుల అభ్యాసాలకే తీసుకెళ్ళాం. చూడవలసిందంతా అప్పుడే కనిపించింది. కురుసుర జలాంతర్గామికి, ఎదురుగా ఉన్న టీయూ-142 విమానానికి టికెట్టు ఉంది గనుక మన జాబితాలో లేవు. వాటిని ఎందుకు చేర్చలేదని ఏటా అడిగే సభ్యులకు ఇదే సమాధానం.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలను సముద్రంలోకి వదలడం చూడటానికి చిన్న బృందాలుగా వెళ్ళాం. పిల్లలు వెలుతురును బట్టి సముద్రం వైపు పాకుతాయి గనుక టార్చి వేయవద్దని, సెల్‌ఫోను వెలిగించవద్దని ముందే చెప్పినా ఒకరు ఫ్లాష్‌తో ఫొటో తీశారు. పేరు రాయడం లేదు, వారికి తెలుసు.

నడిచే దారిలో ఒకచోట చెత్తబుట్ట, ఆడవారికి మరుగుదొడ్డి కావాలని సంబంధిత కార్యాలయానికి ఇచ్చిన అర్జీకి రసీదు వచ్చింది, జవాబు రాలేదు. నాలుగుసార్లు వెళ్ళాను. మూడుసార్లు అధికారి మీటింగులో ఉన్నారు, నాలుగోసారి అధికారే మారారు. కొత్తవారు అర్జీ మళ్ళీ ఇమ్మన్నారు, ఇచ్చాం.

జమాఖర్చులను ఆడిటరు గారు సరిచూశారు, ప్రతులు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. అప్పు లేదు. కరపత్రాల అచ్చుకు అనుకొన్నదానికన్నా ఎక్కువైంది, ప్రశ్నలుంటే కోశాధికారి గారిని అడగవలసిందిగా మనవి.

వచ్చే ఏడాది తొలి నడక ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జరుగుతుంది. 1926లో స్థాపించిన ఆ సంస్థ నూరేళ్ళకు చేరుతున్నందున దానితోనే మొదలుపెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. పేర్లిచ్చేవారు వచ్చేటట్టయితేనే ఇవ్వాలి. వన్ టౌన్ నడక నాటి నుంచి కనిపించకుండా పోయిన ప్రథమ చికిత్స పెట్టె ఎవరింట్లో ఉన్నా ఆ రోజు తెచ్చి ఇవ్వగలరు. అందులోని మందులు అయిపోయి ఉన్నా పరవాలేదు, పెట్టె చాలు.

ఇట్లు,
కార్యదర్శి