ఫార్మాట్ కొట్టే ముందు డిస్కు చూడండి

అయ్యా,

లాప్‌టాప్ స్లో అయిందని మన విశాఖలో ద్వారకానగర్ తీసుకెళ్లినా గాజువాకలో ఇచ్చినా చాలా షాపుల్లో వినిపించే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టేద్దామండీ, సాయంత్రం వచ్చి తీసుకెళ్లండి." లోపల హార్డ్ డిస్కు ఎలా ఉందో ఒక్కసారి చూసి చెప్పేవాళ్లు తక్కువ. మా పక్కింటమ్మాయి లాప్‌టాప్ సంగతి అలాగే అయింది. ఆన్ చేస్తే ఎంతసేపటికీ స్క్రీన్ రాదు, ఫోల్డర్ తెరిస్తే గుండ్రం తిరుగుతూనే ఉంటుంది, చెవి దగ్గర పెట్టుకుంటే లోపల టక్ టక్‌మని చప్పుడు. ఆ చప్పుడు విన్నాక కూడా షాపువాళ్లు ఫార్మాట్ చేసేశారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పీజీ ప్రాజెక్టు ఫైళ్లన్నీ పోయాయి, కొన్నాళ్లకు స్లో మళ్లీ మామూలే.

ఆ కొన్నాళ్లు బాగా నడవడమే అసలు మోసం. డిస్కు మీద చదవలేకపోయిన చోట్లు ఉంటే వాటిని అది పెండింగ్‌లో పెట్టుకుంటుంది. మళ్లీ అక్కడ రాయబోయినప్పుడు రాయడం కుదరకపోతే ఆ చోటు వదిలేసి, ముందే దాచుకున్న అదనపు చోటు వాడుకుంటుంది. అందుకే ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ ఎక్కించగానే రోగం తగ్గినట్టు కనిపిస్తుంది కానీ అరుగుదల ఆగదు.

చూడటం పెద్ద పని కూడా కాదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం ఉంది, తెరవగానే డిస్కు పరిస్థితిని ఒక రంగు గడిలో చూపిస్తుంది, నీలం అయితే ఫర్వాలేదు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే పని అయిపోయినట్టే. కింద పట్టికలో 05 (అదనపు చోటుకు మార్చినవి), సీ5 (పెండింగ్‌లో ఉన్నవి), సీ6 (సరిచేయలేకపోయినవి) అనే వరుసలు చూడాలి. వాటి చివర సున్నాలు కాకుండా అంకెలు ఉండి, రోజు రోజుకీ పెరుగుతుంటే ఆ డిస్కును నమ్ముకోవద్దు. సీ7 (డిస్కుకూ కంప్యూటర్‌కూ మధ్య డేటా వెళ్లేటప్పుడు వచ్చే తప్పుల లెక్క) ఒక్కటే పెరుగుతుంటే మాత్రం తప్పు డిస్కుది కాకపోవచ్చు, కేబుల్‌దో కనెక్టర్‌దో కావచ్చు. బీచ్ దగ్గర ఇళ్లలో ఉప్పు గాలి ఇనుప గేట్లనే తినేస్తోంది, ఆ సన్నటి పిన్నులెంత? కేబుల్ మార్చాక ఆ అంకె తగ్గదు గానీ పెరగడం ఆగిపోతుంది.

అలాగని నీలం కనిపించింది కదా అని నిశ్చింతగా పడుకోవడానికీ లేదు. లక్షకు పైగా హార్డ్ డిస్కుల మీద గూగుల్ ఇంజనీర్లు 2007లో వెల్లడించిన అధ్యయనంలో, చెడిపోయినవాటిలో సగానికి పైగా ఇలాంటి లెక్కల్లో ముఖ్యమైన నాలుగింటిలో ఏ హెచ్చరికా చూపకుండానే పోయాయి. కాబట్టి అనుమానం వస్తే ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి, పరీక్షలన్నీ ఆ తర్వాతే. విండోస్‌లో ఉండే చెక్‌డిస్క్ లాంటి పరీక్షలు పూర్తి స్థాయిలో చేస్తే మొత్తం డిస్కును గంటల తరబడి చదివిస్తాయి, కొన ఊపిరితో ఉన్న డిస్కు ఆ పరీక్షలోనే పోవచ్చు. టక్ టక్ చప్పుడు వస్తుంటే ఇంకేమీ ప్రయత్నించకుండా ఆఫ్ చేసి, డేటా రికవరీ తెలిసినవాళ్లకు ఇవ్వడమే మేలు. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందని ఎవరో చెప్పే చిట్కా మన వైజాగ్ తేమలో అసలు వద్దు, బయటికి తీయగానే చెమ్మ పట్టేస్తుంది.

షాపుల వాళ్లకు నా మనవి చిన్నదే. లాప్‌టాప్ తీసుకునేటప్పుడు ఆ రంగు గడి కస్టమర్‌కు చూపించి, రసీదు మీద డిస్కు పరిస్థితి రాయండి. డేటా కావాలా వద్దా అని అడిగి సంతకం తీసుకున్నాకే ఫార్మాట్ చేయండి. డిస్కు మారిస్తే పాతది కస్టమర్ చేతికే ఇచ్చేయండి, అందులో జనం ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉంటాయి.

- ఒక పాఠకుడు, మద్దిలపాలెం, విశాఖపట్నం