బ్లేక్ చరిత్రలో 1951 ఏది?

అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ జట్టుకు 1941 నుంచి 1958 దాకా అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌గా ఉన్న ఎర్ల్ బ్లేక్ గురించి మీ క్రీడాపుటలో వచ్చిన వ్యాసం ఆయన విజయాలను మాత్రమే లెక్కబెట్టి, ఆ జీవితంలోని అత్యంత కఠినమైన ఘట్టాన్ని వదిలేసింది. 121 గెలుపులు, 33 ఓటములు, 10 డ్రాలు అన్న లెక్క సరైనదే. 1944 నుంచి మూడేళ్లపాటు ఆ జట్టు ఓటమి ఎరుగకపోవడమూ నిజమే. అయితే 1951లో పరీక్షల సమాచారాన్ని ముందుగా పంచుకుని గౌరవ నియమావళిని ఉల్లంఘించారన్న కారణంతో అకాడమీ దాదాపు 90 మంది కేడెట్లను పంపించివేసింది. వారిలో ఫుట్‌బాల్ ఆటగాళ్లు చాలామంది ఉండగా, జట్టులో ఆడుతున్న బ్లేక్ సొంత కుమారుడు కూడా ఒకరు. ఆ ఏడాది రెండే మ్యాచ్‌లు గెలిచినా పదవిని వీడక, జట్టును మొదటి నుంచి మళ్లీ నిర్మించి, 1958లో ఒక్క ఓటమీ లేని సీజన్‌తో ఆయన వైదొలగారు. నా దృష్టిలో 121 కంటే ఈ ఏడేళ్లే బరువైనవి. ఇకపై కోచ్‌ల జీవితకథలకు ఏడాదివారీ ఫలితాల పట్టికను జతచేసి, వివాదాలనూ అందులో పేర్కొనాలి. అలాగే, మా ఇంట్లో పిల్లలు దీన్ని గోల్ కొట్టే ఆటగానే చదివారు కనుక, శీర్షికలోనే ‘అమెరికన్ ఫుట్‌బాల్’ అని స్పష్టంగా రాయాలి.

– ఒక పాఠకుడు, విజయనగరం