వార్షిక నివేదిక 2024-25: రంగం (రంగూన్) వెళ్లిన మన పెద్దల సంస్మరణ సభ, ఇతర పనులు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, పిల్లల తెలుగు తరగతులు, పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. కార్తీక వనభోజనాలు వాన వల్ల రద్దు చేసి, కట్టిన డబ్బు వెనక్కి ఇచ్చేశాం. ఆడిట్ అయిన లెక్కలు విడిగా అందుతాయి. ఈ నివేదికలో ఎక్కువ చోటు మే నెలలో చెన్నై వ్యాసర్పాడిలో, బర్మాలోని రంగూన్ వెళ్లిన మన పెద్దలను తలుచుకుంటూ జరిపిన సభకే ఇస్తున్నాం. ఏడాదంతా మెచ్చుకున్నవాళ్లు మెచ్చుకున్నదీ, తిట్టినవాళ్లు తిట్టినదీ దాని గురించే.

మన సభ్యుల్లో చాలా కుటుంబాలు బర్మా (ఇప్పటి మయన్మార్) నుంచి వచ్చినవే. కొందరి పెద్దలు 1942లో జపాన్ దాడులకు భయపడి అడవుల్లో, కొండల్లో నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. మిగతావాళ్లు 1964లో నె విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దు చేశాక ఓడల్లో మద్రాసు హార్బరుకు చేరారు. ఇవి ఇళ్లలో విన్న కథలే. 1930 సంగతి మాత్రం సభకు వచ్చినవారిలో చాలామంది మొదటిసారి విన్నారు.

అప్పట్లో రంగూన్ రేవులో సరుకు ఎత్తేదీ దించేదీ ఎక్కువగా తెలుగు కూలీలే. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు. బర్మావాళ్లు వాళ్లను కోరంగీలు అనేవారు. 1930 మేలో కూలి పెంచమని సమ్మె చేస్తే, సరుకు ఎత్తించే కంపెనీలు వాళ్ల బదులు బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తీరగానే కొత్తవాళ్లను పొమ్మని పాతవాళ్లను రమ్మన్నాయి. మే 26న రెండు వర్గాలూ ఒకే రేవు దగ్గర ఎదురుపడ్డారు. అక్కడ మొదలైన కొట్లాట నగరమంతా పాకి రోజుల తరబడి సాగింది. వందమందికి పైగా చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది భారతీయులే.

ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. తర్వాత ఉపన్యాసంలో మేస్త్రీల ప్రస్తావన వచ్చింది. ఊళ్లో అడ్వాన్సు, ఓడ చార్జీ ఇచ్చి కూలీలను తీసుకెళ్లింది మేస్త్రీలే. ఆ బాకీ తీరేదాకా కూలిలో కోత పెట్టిందీ వాళ్లే. వాళ్లూ తెలుగువాళ్లే. 1930లోనే వడ్ల ధర పడిపోయి బర్మా రైతులు అప్పుల్లో మునిగారు. 1938 నాటికి దిగువ బర్మా వరి పొలాల్లో దాదాపు నాలుగో వంతు అప్పులిచ్చిన తమిళ వడ్డీ వ్యాపారులు చెట్టియార్ల చేతికి వెళ్లిపోయింది. ఆ జూలైలోనే రంగూన్‌లో భారతీయుల మీద, ముఖ్యంగా ముస్లింల మీద మళ్లీ దాడులు జరిగాయి. పొలాలు రాయించుకున్న షావుకార్ల మీది కోపానికి దెబ్బలు తిన్నవాళ్లలో చేతిలో చిల్లిగవ్వ లేని కూలీలూ ఉన్నారు.

ఒక పెద్దాయన లేచి, "చచ్చిపోయినవాళ్ల సభలో చంపినవాళ్ల కష్టాలు ఎందుకండీ?" అన్నారు. ఆయన బాధ అర్థమైంది. కత్తి పట్టినవాడి నేరం ఇందువల్ల రవ్వంత కూడా తగ్గదు. అయినా ఆ భాగాన్ని తీసేయకూడదని కార్యవర్గం నిర్ణయించింది. మనవాళ్ల రక్తం గురించి చెప్పి మనవాళ్ల లెక్కల పుస్తకాలు దాచిపెడితే పిల్లలకు చెప్పేది సగం కథే అవుతుంది. ఈ మాట అన్న మూడో వారమే ఒక సభ్యురాలు తమ ముత్తాత మేస్త్రీ అని చెప్పి, ఆయన బాకీల పద్దు పుస్తకం తెచ్చి ఇచ్చారు. అందులో ఇప్పటి సభ్యుల ఇంటిపేర్లు కూడా కనిపించాయి. కొన్ని రోజులు టెన్షన్‌గానే గడిచింది. పుస్తకం స్కాన్ చేసి తిరిగి ఇచ్చాం.

సభకు రానివాళ్లు కూడా అత్తో (బర్మా నూడుల్స్) స్టాలుకు వచ్చారు. ఆ రోజు ఖర్చులో అదే పెద్ద పద్దు.

రెండో గొడవ చెన్నై దగ్గర కేళంబాక్కంలో ఉంటున్న రోహింగ్యా (బర్మా నుంచి వచ్చిన ముస్లిం శరణార్థుల) కుటుంబాల గురించి. 2017లో బర్మాలోని రఖైన్ రాష్ట్రం నుంచి ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. పిల్లలకు నోటు పుస్తకాలు ఇద్దామని కొందరు, మనకెందుకని కొందరు. "వాళ్లకూ మనకూ పోలికేంటి?" అన్న ప్రశ్నకు జవాబు బర్మా 1982 పౌరసత్వ చట్టంలోనే ఉంది. 1823కు ముందు నుంచి అక్కడ స్థిరపడ్డ జాతులను అసలు పౌరులుగా, మిగతావాళ్లను కింది మెట్టు మీద ఉంచిన చట్టం అది. బర్మాలో మోల్‌మీన్ వైపు ఇప్పటికీ ఉన్న తెలుగువాళ్లూ ఆ చట్టం కిందే బతుకుతున్నారు. చివరికి సంఘం నిధి ముట్టుకోకుండా, ఇష్టమైనవాళ్లు ఇచ్చిన డబ్బుతో పుస్తకాలు కొన్నాం. ఇది నాకు పూర్తిగా నచ్చిన పరిష్కారం కాదు, కానీ ఓటింగ్‌లో తేలింది ఇదే.

వచ్చే ఏడాది పాత ఓడ టికెట్లు, శరణార్థి కార్డులు, ఉత్తరాలు సేకరిస్తాం. ఇచ్చిన రోజే స్కాన్ చేసి వెనక్కి ఇస్తాం. ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ఫైళ్లు చూడటానికి ఇంగ్లీషు బాగా చదవగల ఇద్దరు యువకులు కావాలి. బస్సు చార్జీలు సంఘమే ఇస్తుంది. సర్వసభ్య సమావేశంలో ఎన్నుకోవాల్సిన కోశాధికారి పదవికి ఇంతవరకు ఎవరూ పేరు ఇవ్వలేదు. ఆసక్తి ఉన్నవారు ఈ నెలాఖరులోగా కార్యాలయంలో చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి