ఫిజీ పౌరులను ఫిజియన్లు అనే రాయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఫిజీ నుంచో మారిషస్ నుంచో ఎవరైనా తాతముత్తాతల ఊరు వెతుక్కుంటూ మన జిల్లాలకు వస్తే వాళ్ళను ‘ఎన్నారైలు’, ‘ప్రవాసాంధ్రులు’, ‘ఫిజీ భారతీయులు’ అని రాయడం మన తెలుగు పత్రికలకు అలవాటైపోయింది. అభిమానంతోనే రాస్తున్నారు, కాదనను. కానీ ఆ మాటలు చట్టం ప్రకారం తప్పు. అంతకుమించి, ఆ మనుషులు తమ దేశంలో వందేళ్ళుగా ఏ మాటతో పోరాడుతున్నారో సరిగ్గా ఆ మాటనే మనం వాళ్ళ మెడకు తగిలిస్తున్నాం.

ముందు చట్టం. భారత పాస్‌పోర్టు ఉండి పరాయి దేశంలో బతికేవాడు ఎన్నారై. గల్ఫ్‌లో వెల్డింగ్ పని చేసే సోంపేట కుర్రాడు ఎన్నారై. ఫిజీలో నాలుగో తరంలో పుట్టి ఆ దేశపు పాస్‌పోర్టు పట్టుకొచ్చిన మనిషి కాదు. భారత సంతతి విదేశీయులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఆయన దగ్గర ఉన్నా భారత పౌరుడు కాడు. ఆ కార్డు పేరులో ‘సిటిజన్’ అన్న మాట ఉంది గానీ, దానితో ఓటు రాదు, వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. చాలాకాలం పనికొచ్చే వీసా అనుకుంటే సరిపోతుంది. అలాంటిదే పాత పీఐఓ (భారత సంతతి వ్యక్తి) కార్డును 2015 జనవరిలోనే ఓసీఐలో కలిపేశారు కాబట్టి ‘పీఐఓ కార్డుదారులు’ అని రాయడం కూడా ఇక మానేయవచ్చు.

ఇక అసలు సంగతి. గిర్మిట్ (అగ్రిమెంట్) కూలీలతో, అంటే ఒప్పందం మీద తోటల పనికి వెళ్ళినవాళ్ళతో, మొదటి ఓడ లియోనిడాస్ 1879లో కలకత్తా నుంచి ఫిజీ చేరింది. మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువాళ్ళు చెరకు తోటలకు వెళ్ళింది వాటిలోనే. 1916లో ఈ రవాణా ఆగిపోయేనాటికి మొత్తం 60 వేల పైచిలుకు మంది ఆ దీవులకు చేరారు. బ్రిటిష్ ప్రభుత్వం వాళ్ళను, వాళ్ళ పిల్లలను, మనవలను అందరినీ కాగితాల మీద ‘ఇండియన్’ అనే రాసింది. ‘ఫిజియన్’ అన్న మాట అక్కడి మూలవాసులకే ప్రత్యేకం. 1970 అక్టోబరు 10న స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇదే పద్ధతి. దిగువ సభలో 52 స్థానాలు, అందులో ఫిజియన్లకు 22, ఇండియన్లకు 22, మిగిలినవాళ్ళకు 8. అంటే ఒకే దేశపు పౌరుల్లో సగం మందికి దేశం పేరుతో పిలిపించుకునే హక్కు లేదు.

దీన్ని ఒట్టి పేరు పట్టింపు అనుకునేవాళ్ళు భూమి లెక్క చూడాలి. ఫిజీలో దాదాపు 87 శాతం భూమి మూలవాసుల వంశాలది. దాన్ని అమ్మడానికి వీల్లేదు, 1940లో ఏర్పడిన ట్రస్టు బోర్డు ద్వారా కౌలుకే ఇస్తారు. 1976 చట్టం కిందికి వచ్చిన కౌళ్ళు 1997 నుంచి వరసగా తీరిపోతుంటే వేలమంది చెరకు రైతులు పొలాలు వదిలి పట్టణాలకు, విదేశాలకు తరలిపోయారు. అప్పట్లో ఈ హక్కుల చట్టాల్లో ‘ఫిజియన్’ అని కనబడిన ప్రతిచోటా దాని అర్థం మూలవాసి. అలాంటప్పుడు పౌరులందరికీ ఆ పేరు ఇస్తే భూమి మీద హక్కు కూడా ఇచ్చినట్టవుతుందేమోనన్న భయం మూలవాసులకు సహజం. పేరు మార్చాలంటే పాత చట్టాల్లో మూలవాసికి వేరే మాట ముందు పెట్టాలి, ఉమ్మడి పేరు తరువాతే రావాలి. ఈ క్రమం తప్పితే గొడవ కోర్టులకెక్కుతుంది.

1997 రాజ్యాంగం ఈ చిక్కును దాటవేయబోయి పౌరులకు ‘ఫిజీ ఐలాండర్’ అని పేరు పెట్టింది. చిరునామాలా ఉన్న ఆ పేరు జనం నోట నిలవలేదు. 2010లో డిక్రీ ద్వారా చట్టాలన్నిటిలో మూలవాసులకు ‘ఇతౌకేయి’ అన్న వాళ్ళ సొంత మాటను చేర్చారు. ట్రస్టు బోర్డు పేరూ అలాగే మారింది, భూమి హక్కు మాత్రం ఉన్నచోటే ఉంది. తరువాత 2013 రాజ్యాంగం 5వ సెక్షన్‌లో పౌరులందరూ ఫిజియన్లే అని రాసింది. దాని పీఠికలో ఇతౌకేయిల పక్కనే, బ్రిటిష్ ఇండియా నుంచి వచ్చిన గిర్మిట్ కూలీల వారసుల ప్రస్తావన కూడా ఉంది.

క్రమం సరిగ్గానే ఉంది, చేసిన తీరు బాగాలేదు. 2006 డిసెంబరులో సైనిక కుట్రతో వచ్చిన బైనిమరామ ప్రభుత్వం, ఎన్నికైన పార్లమెంటు లేకుండానే దీన్ని పై నుంచి రుద్దింది. అందుకే ‘మా పేరు మాకు తిరిగి ఇవ్వండి’ అన్న డిమాండు ఇతౌకేయిల్లో కొందరి దగ్గర ఇంకా చావలేదు. 1987లో మొదటి కుట్ర చేసిన రబుకాయే 2022 డిసెంబరులో మళ్ళీ ప్రధాని అయ్యారు, 2023 మేలో గిర్మిట్ వారసులకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఈ తగాదా ఎటు తేలాలన్నది ఆ దేశపు జనం ఇష్టం. శ్రీకాకుళంలో కూర్చుని తీర్పు చెప్పడం మనకు తగదు.

మనకు తగినది ఒకటుంది. భారత సంతతి వాళ్ళను అక్కడ ‘వులాగి’ అనడం ఉంది. అతిథి, బయటివాడు అని అర్థం. 1987లోనూ, ప్రధాని మహేంద్ర చౌదరిని 56 రోజులు బందీగా ఉంచిన 2000లోనూ కుట్రదారుల వాదం సారాంశం ఇదే: వీళ్ళు భారతీయులు, ఈ దేశం వీళ్ళది కాదు. ‘మన భారతీయులు’ అని మన పత్రికలో హెడ్డింగు పెడితే ఆ వాదానికి మనమే సాక్ష్యం పలికినట్టు.

ఇలాంటి తగాదా ఫిజీకే పరిమితం కాదు. బంగ్లాదేశ్ 1972 రాజ్యాంగం పౌరులందరినీ ‘బంగాలీలు’ అంది. తాను చక్మా తెగవాడినని, బంగాలీని కానని సభలో మానవేంద్ర నారాయణ్ లర్మా అభ్యంతరం చెప్పినా ఆనాడు వినలేదు. 2011 సవరణలో జాతిగా బంగాలీలు, పౌరులుగా బంగ్లాదేశీలు అని విడదీశారు. మారిషస్ రాజ్యాంగం ఎన్నికల కోసం జనాన్ని హిందూ, ముస్లిం, సినో-మారిషన్, సాధారణ జనాభా అని నాలుగు గుంపులు చేసింది. అక్కడి తెలుగువాళ్ళకు ఉగాది సెలవుంది గానీ ఈ లెక్కలో వాళ్ళు హిందువుల్లోనే కలిసిపోతారు. అయినా పౌరులుగా అందరూ మారిషన్లే, ఆ పేరు మీద పేచీ లేదు. మన పల్లెల్లో పెద్దవాళ్ళు రంగం అనే రంగూన్ సంగతి మరీ కష్టం. బర్మా 1982 చట్టంలో 1823కి ముందు నుంచి ఉన్న జాతులకే పుట్టుకతో పౌరసత్వం, మిగిలినవాళ్ళకు కింది తరగతులు.

ఊళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకు మన రెవెన్యూ సిబ్బంది, విలేకరులు చేయగల సాయం ఒకటి ఉంది. వాళ్ళు తెచ్చే ఎమిగ్రేషన్ పాస్ (కూలీ ఓడెక్కేటప్పుడు రాసిన కాగితం) మీద ఓడ పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం ఉంటాయి. ఫిజీ పాస్‌లు ఆ దేశపు నేషనల్ ఆర్కైవ్స్‌లో, మారిషస్ కాగితాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో దొరుకుతాయి. తిప్పలు వచ్చేది జిల్లా పేరు దగ్గర. ‘గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా’ అని ఉంటే చాలామంది నేరుగా ఒడిశా పోతారు. చికాకోల్ అంటే శ్రీకాకుళమే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాం అటు పోయినప్పుడు ఈ తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. ‘విశాఖపట్నం జిల్లా, పాలకొండ తాలూకా’ అని ఉన్నవాళ్ళను విశాఖ పంపితే అక్కడేమీ దొరకదు. పాలకొండ 1950లో శ్రీకాకుళంలోకి, 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యంలోకి వచ్చింది. రాజాం వైపు ఊళ్ళయితే ఇప్పుడు విజయనగరంలో చూడాలి. గ్రామం పేరు తెల్లవాడి చెవికి వినబడినట్టు రాసి ఉంటుంది కాబట్టి కంప్యూటర్లో వెతికితే రాదు. పైకి చదివి, ఆ పాత తాలూకాలోని ఊళ్ళ పేర్లతో ఒక్కొక్కటిగా పోల్చుకోవాలి.

మీ డెస్కుకు మనవి: పౌరులుగా వాళ్ళు ఫిజియన్లు, మారిషన్లు. మూలం చెప్పాల్సి వస్తే ‘తెలుగు సంతతి ఫిజియన్లు’ అనండి. 1916 దాకా ఓడెక్కిన తరానికి ‘గిర్మిట్ కూలీలు’ సరిపోతుంది. ఎన్నారై అన్న మాట భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకే ఉంచండి. హెడ్డింగులో చోటు చాలకపోతే ‘ఫిజియన్లు’ చాలు, తాతల ఊరు సంగతి వార్త లోపల రాసుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
శ్రీకాకుళం