అమ్మ ప్రయాణం సంగతి

కావలి

ఒరే అబ్బయా,

మీ అమ్మని నీ దగ్గరికి, శాన్‌ఫ్రాన్సిస్కోకి పంపడానికి నువ్వు చూసి పంపిన రెండు టిక్కెట్ల వివరాలూ చూశాను. పక్కనే కూర్చుని అమ్మ "ఎంత దూరం నాయనా?" అని ఒకటే అడగడం. బడి నుంచి గ్లోబు తెచ్చి, దారం ఒక కొస చెన్నై మీద, ఇంకో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించాను. గోడ మీది మ్యాపు చూస్తే పసిఫిక్ మీదుగా పోవాలనిపిస్తుంది కదా. దారం మాత్రం చైనా, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ వలయం కూడా దాటేసి, అలాస్కా దగ్గర కిందికి దిగింది! అమ్మ కళ్లద్దాలు సర్దుకుని, దారం వెంట వేలు జరుపుకుంటూ పోయి "మంచు మీద నుంచా?" అంది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా ఎయిర్ ఇండియా విమానాన్ని అందరూ ఆడ పైలట్లే నడుపుకొచ్చారని చెప్పాక కాస్త నెమ్మదించింది.

ఆ దారం దారిన సుమారు 13,900 కిలోమీటర్లు. చెన్నై నుంచి నేరుగా విమానం లేదు కాబట్టి దుబాయ్‌కి 2,900, అక్కడి నుంచి 13,000. అంటే 2,000 కిలోమీటర్లు చుట్టు. గంటకి 900 పోయే విమానానికి అదో లెక్క కాదు. మనిషిని చంపేది మధ్యలో పడిగాపులు. నువ్వు చూసిన చవక టిక్కెట్టులో రెండు చోట్ల దిగాలి, ఒకచోట తొమ్మిది గంటలు కూర్చోవాలి. మోకాళ్ల నొప్పుల మనిషి, ఇంగ్లీషు రాదు. ఆ టెన్షన్ అమ్మకి వద్దురా. డబ్బు తేడా ఎంతైనా దుబాయ్ టిక్కెట్టే తియ్యి.

అందులో గాల్లో నాలుగు గంటలు, ఆ తర్వాత పదహారు, మధ్యలో మూడు. కావలి నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకి దాదాపు 240 కిలోమీటర్ల రోడ్డు కూడా కలుపుకో. తెల్లవారుజామున నాలుగింటికి ఫ్లైట్ అంటే ఒంటిగంటకల్లా అక్కడుండాలి. రాత్రి ఏడింటికే కారెక్కిస్తాను. సూళ్లూరుపేటలో ఆగి టీ తాగినా, రెడ్‌హిల్స్ దగ్గర లారీల మధ్య ఇరుక్కున్నా అందుకుంటాం.

ఎండాకాలంలో మీరు మాకంటే పన్నెండున్నర గంటలు వెనక కదా. అంచేత అమ్మ అదే తేదీన మీ మధ్యాహ్నం రెండున్నరకి దిగుతుంది, ఆమెకి ఆ ఒక్క రోజే ముప్పయ్యారున్నర గంటలు సాగుతుంది! దిగీ దిగగానే వాళ్లింటికీ వీళ్లింటికీ తిప్పకు, పడుకోనివ్వు. బీపీ మాత్ర ఏ వేళకి మార్చుకోవాలో ఇక్కడి డాక్టరుగారిని అడిగి చీటీ రాసి సంచీలో పెడతాను.

బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ అడుగు, రెండు విమానాల్లోనూ. సీటు నడవా పక్కన తీసుకో, కిటికీ వద్దు. పదహారు గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్లు వాస్తాయి, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యమని నేనూ చెబుతాను, ఫోన్లో నువ్వూ చెప్పు. నువ్వు చెబితేనే వింటుంది.

నీ నేస్తం