శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి ఉద్దానం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

మా పెదనాన్న 1999 కార్గిల్ యుద్ధంలో పోరాడిన సిపాయి. రిటైరై వచ్చాక సిటీలో సెక్యూరిటీ ఉద్యోగం చూసుకోమని అందరూ చెప్పారు. ఆయన వినలేదు. మా ఇసుక నేలలో కొబ్బరి, జీడి, మధ్యలో పనస, మునగ వేశారు. మొక్కలకు ఆయనే బిందెలతో నీళ్లు మోశారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చి తోటనంతా పడగొట్టేసింది. కార్గిల్ గురించి ఎంతో నిబ్బరంగా చెప్పే మనిషి, ఆ రోజు పడిపోయిన చెట్ల మధ్య నిలబడి ఏడ్చారు. ప్రభుత్వం చెట్టుకింతని పరిహారం ఇచ్చింది, కాదనను. కానీ దేశవాళీ కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. అన్నాళ్లూ రైతు ఏం తినాలి?

అయినా ఆయన మళ్లీ గుంతలు తవ్వారు. ఇప్పుడు కొబ్బరికి తెల్లదోమ పట్టి ఆకులు నల్లబారుతున్నాయి. జీడిది ఇంకో బాధ. జీడి ఫ్యాక్టరీలున్న పలాసకు ఆఫ్రికా జీడిపిక్కలు దిగితే మా 80 కిలోల బస్తాను అడిగేవాళ్లు తగ్గిపోతారు. ప్రతి సీజన్‌లో ఇదే టెన్షన్.

సీజన్‌కి ముందే గిట్టుబాటు ధర ప్రకటించి, ప్రభుత్వమే పిక్కలు కొనేలా చూడండి. తెల్లదోమను అరికట్టే మిత్రపురుగులను సకాలంలో తోటలకు చేర్చండి. సైన్యం నుంచి తిరిగొచ్చి సాగు చేయాలనుకునేవాళ్లకు సైనిక సంక్షేమ కార్యాలయం, ఉద్యాన శాఖ కలిసి మంచి అంటు మొక్కలు, శిక్షణ ఇవ్వాలి. నేర్పడానికి మా పెదనాన్న సిద్ధంగా ఉన్నారు.

మార్చిలో పిక్కలు రాలడం మొదలవుతుంది. ఆలోపు ఒక్కసారి మా తోటకు వచ్చి ఆయనతో మాట్లాడండి.

ఇట్లు,
ఉద్దానం రైతు బిడ్డ